మా అమ్మ గిర్ని
(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



డిసెంబరు 17 మనకు పండుగ వంటి రోజు. 1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు నకారాగారి కేసులో తీర్పు చెప్పింది. పింఛను ప్రభుత్వం దయతలచి ఇచ్చే దానం కాదనీ, చేసిన సేవకు రావలసిన ప్రతిఫలమనీ అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. ఆ తరువాత 1985లో మరొక తీర్పు వల్ల, 1964కు ముందు భర్తలను పోగొట్టుకున్న కేంద్ర ప్రభుత్వోద్యోగుల భార్యలకు కూడా కుటుంబ పింఛను దక్కింది. ఈ సంగతులు తమరందరికీ తెలిసినవే. ఏటా ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు.

ఈసారి కార్యదర్శిగారు, "మీరు జీ.ఓ.ల గురించి కాకుండా ఇంకేదైనా మాట్లాడండి, ఆడవాళ్ళు కూడా వస్తున్నారు" అన్నారు. నాకు జీ.ఓ.లు కాక తెలిసినది ఒక్కటే, మా అమ్మ నడిపిన గిర్ని. కోస్తా జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మిత్రులు దానిని పిండిమర అంటారు. మా కాప్రాలో గిర్ని అనే అంటాము. నేను ముప్పై ఆరేళ్ళు సర్వీసు చేశాను. మా అమ్మ యాభై ఏళ్ళు చేసింది. నా సర్వీసుకు సర్వీసు రిజిస్టరు ఉంది, ఇంక్రిమెంట్లు ఉన్నాయి, పింఛను ఉంది. ఆమె సర్వీసు ఎక్కడా నమోదు కాలేదు. అందుకని ఈ పూట మీ ముందు నోటిమాటగా నమోదు చేయిస్తున్నాను.

ఆమె పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు. "రజాకార్ల గడబిడప్పటికి నా పెండ్లయి రెండేండ్లు" అనేది. దానినిబట్టి 1931 ప్రాంతంలో పుట్టి ఉండాలని నేను లెక్క వేశాను. నేను 1950లో పుట్టాను, నా తరువాత ఇద్దరు చెల్లెళ్ళు. మా నాన్నగారిది సికింద్రాబాదులో ఒక ప్రైవేటు కొలువు. 1961లో జ్వరం వచ్చి పదిహేను రోజులలో పోయారు. ప్రైవేటు కొలువు గనుక పింఛను మాట లేదు. ఆ నెల జీతంలో మిగిలినది చేతికిచ్చారు.

అప్పటి కాప్రా వేరు. ఇప్పుడు ఎ.ఎస్.రావు నగర్, సైనిక్‌పురి, కుషాయిగూడ, ఈసీఐఎల్ చౌరస్తా అంతా ఒకటే బజారుగా కలిసిపోయింది గానీ, అప్పుడది చెరువు పక్కన ఒక పల్లె. చెరువు కింద వరి, చెలకల్లో జొన్న. అన్నం పండుగకూ చుట్టాలొచ్చినప్పుడూ వండేవారు. మిగతా రోజుల్లో జొన్న రొట్టె, గట్క. ఇంటింటా ఇసుర్రాయి ఉండేది. దాన్ని విసిరే ఓపిక లేని ఇళ్ళూ ఉండేవి, ముసలివాళ్ళవీ బాలింతలవీ. అమ్మ ఆ ఇళ్ళకు పోయి జొన్నలు విసిరేది, పసుపు దంచేది, మిరపకాయలు దంచేది. కూలి మానికకు ఒక అణా.

అణా అంటే చిన్నవారికి తెలియదు. 1957 ఏప్రిల్‌లో కొత్త పైసలు వచ్చాయి. అణాకు ఆరు కొత్త పైసలు, నాలుగణాలకు ఇరవై అయిదు. నాలుగు ఆరులు ఇరవై నాలుగు గదా, ఆ ఒక్క పైసా ఎక్కడ పోయింది? అమ్మ బడికి పోలేదు గానీ ఈ సంగతి మొదటి వారమే పట్టింది. విడివిడిగా నాలుగు సార్లు విసిరితే ఇరవై నాలుగు పైసలు, ఒక్కసారే నాలుగు మానికలు విసిరితే పావలా. కాబట్టి నాలుగు మానికలు కలిపి తెచ్చుకోమని ఇంటింటికీ చెప్పి వచ్చింది. వాళ్ళకు మాటిమాటికి పిలిచే బాధ తప్పింది, ఈమెకు ఒక పైసా మిగిలింది. నేను తరువాత ఎన్నో లెక్కల పుస్తకాలు చూశాను గానీ ఇంత శుభ్రమైన లెక్క చూడలేదు.

1967లో ఈసీఐఎల్ వచ్చింది. దానిని పెట్టిన అయ్యగారి సాంబశివరావుగారి పేరనే తరువాత ఎ.ఎస్.రావు నగర్ వెలిసింది. 1971లో ఎన్.ఎఫ్.సి. వచ్చింది. ఆ ఉద్యోగాలకు దేశం నలుమూలల నుంచి జనం వచ్చారు. సైనిక్‌పురిలో మాజీ సైనికాధికారులు ఇళ్ళు కట్టుకున్నారు. వీళ్ళలో చాలామంది గోధుమ రొట్టె తినేవారు. ప్యాకెట్టు పిండి అప్పుడు లేదు. గోధుమలు కొని, రాళ్ళు ఏరి, పట్టించుకోవాలి. గిర్ని కావాలంటే దూరం పోవాలి.

అమ్మ 1968లో తన గుండ్లపేరు, వెండి కడియాలు కుదువబెట్టి ఆరువందలు తెచ్చింది. వడ్డీ నూటికి నెలకు రెండు రూపాయలు. దానికి చీటీ పాడిన డబ్బు కలిపి, ఒకరు అమ్మేస్తున్న పాత గిర్ని, దాని మోటారు కొన్నది. బండిమీద అవి మా ఇంటి ముందు దిగిన రోజున వాడకట్టు వాడకట్టంతా వచ్చి చూసింది. ఆడది ఒక్కతే గిర్ని ఎట్లా నడుపుతుందని మా పెద్దనాయన అడిగాడు. "ఇసుర్రాయి నేనే తిప్పితిని గదా బావా, ఇది కరెంటు తిప్పుతది" అన్నది.

అయితే అది అంత సులువైన పని కాదు. పైన తొట్టిలో గింజలు పోస్తారు, రెండు రాళ్ళ మధ్య నలిగి కింద గుడ్డ గొట్టంలో నుంచి పిండి డబ్బాలో పడుతుంది. చూసేవారికి ఇంతే. పక్కనున్న చక్రం కొంచెం బిగిస్తే మెత్తన, వదిలితే రవ్వ. మరీ బిగిస్తే రాళ్ళు వేడెక్కి పిండి మాడు వాసన వేస్తుంది, ఆ పిండితో రొట్టె విరిగిపోతుంది. అమ్మ పడే పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూసేది. వేడి, మెత్తదనం రెండూ అక్కడే తెలిసేవి. రాళ్ళు అరిగిపోతే గంట్లు కొట్టాలి. మొదట గంట్లు కొట్టే మనిషి వచ్చేవాడు. అతడు రానప్పుడు గిర్ని బందు పెట్టవలసి వస్తున్నదని, అతని దగ్గరే కూర్చుని నేర్చుకుని, ఉలీ సుత్తీ తెచ్చుకుని తానే కొట్టుకునేది. రాతి పలుకులు కంట్లో పడకుండా తలగుడ్డ కిందికి లాక్కునేది.

బెల్టు ఇంకో ప్రమాదం. కొంగు నడుముకు బిగించి, జుట్టు ముడి వేసి, గాజులు పైకి తోసుకుని గాని మోటారు స్విచ్చి వేసేది కాదు. బెల్టుకు రెండడుగుల దూరంలో సున్నంతో గీత గీసి పెట్టింది. ఆ గీత దాటిన పిల్లవాడి వీపు విమానం మోతే, వాడు ఎవరి కొడుకైనా సరే. ఒకసారి బెల్టు తెగి ఆమె మోచేతి కింద కొట్టింది. ఆ మచ్చ చివరిదాకా ఉన్నది.

ఆమె గిర్నికి పేరు వచ్చింది మాత్రం రెండు కట్టుబాట్ల వల్ల. జొన్నల మీద జొన్నలే, గోధుమల మీద గోధుమలే పట్టేది. గింజ మారేటప్పుడు ముందటి పిండి రాళ్ళలో కొంత మిగులుతుంది గదా, దానిని దులిపి తీసేది. మిరపకాయలు సాయంత్రం పూట మాత్రమే. అవి అయ్యాక రెండు దోసిళ్ళ నూకలు పోసి రాళ్ళు కడిగినట్టు తిప్పి వదిలేది. రెండవది, నేల మీద పడిన పిండిని ఎన్నడూ ఎవరి డబ్బాలోనూ కలిపేది కాదు. ఊడ్చిన పిండి బర్రెలున్నవారికి పోయేది. కిలో గింజలకు కొంత తరుగు ఉంటుందని అందరికీ తెలుసు. ఎంత తరుగు అన్నదానిలోనే గిర్నివాళ్ళ నిజాయితీ తెలుస్తుంది. ఆమె తూకం వేసి తీసుకుని, తూకం వేసి ఇచ్చేది.

సంక్రాంతికి ముందు పది రోజులు మా ఇంట్లో నిద్ర ఉండేది కాదు. సకినాలకు, అరిసెలకు తడి బియ్యప్పిండి కావాలి. నానబోసి, వార్చి, నీడన ఆరిన బియ్యం సరైన తేమ మీద పట్టాలి. తడి ఎక్కువైతే రాళ్ళకు అంటుకుపోతుంది, తక్కువైతే సకినం చుట్టడానికి రాదు. ఆడవాళ్ళు గిన్నెలు వరుసగా పెట్టి వాటి పక్కనే కూర్చునేవారు. సగం ఊరి సంబంధాలు మా గిర్ని ముందే కుదిరాయి. తగాదాలు కూడా అక్కడే తీరాయి, కొన్ని మొదలయ్యాయి కూడాను.

ఇక రెండో గిర్ని కథ చెప్పాలి. 1969లో బ్యాంకులు జాతీయమయ్యాక చిన్న వ్యాపారులకు అప్పులు ఇస్తున్నారని విని, మిరపకాయలకు వేరే గిర్ని పెట్టాలని అమ్మ ఒక బ్యాంకుకు పోయింది. అక్కడివారు మర్యాదగానే మాట్లాడి, మగవారి జామీను ఎవరిదైనా కావాలన్నారు. గిర్ని నడుస్తున్నది, అప్పు లేదు, కుదువబెట్టిన నగలు కూడా అప్పటికే విడిపించింది. అయినా జామీను కావాలి. 1972లో నాకు ఎల్.డి.సి. ఉద్యోగం వచ్చింది. 1974లో నా జీతం సర్టిఫికెట్టు పెడితే మూడు వేలు మంజూరు చేశారు. ముప్పై ఆరు వాయిదాలు, ఒక్కటీ తప్పలేదు. అన్నీ గిర్ని గల్లాలో నుంచి కట్టినవే. ఆమె సంపాదనకు నా జీతం జామీను నిలబడింది గానీ, ఆ రోజుల్లో నా జీతంతో ఇంటి ఖర్చు సగం కూడా వెళ్ళేది కాదు. నా చెల్లెళ్ళ ఇద్దరి పెళ్ళిళ్ళు గిర్ని చేసింది. నేను ఇల్లు కట్టుకున్నప్పుడు స్లాబు గిర్ని వేసింది.

1986 చివర మనం చేసిన 53 రోజుల సమ్మె ఇక్కడ ఉన్న చాలామందికి గుర్తుండే ఉంటుంది. జీతాలు లేవు. మొదటి నెల గడిచింది, రెండో నెల ఎవరింట్లోనూ డబ్బు లేదు. మా ఆఫీసు మిత్రులు కొందరు కాప్రా, మౌలాలి వైపు ఉండేవారు. అమ్మ వాళ్ళ ఇండ్లకు పట్టిన పిండికి పైసలు తీసుకోలేదు, ఉద్దెర రాయమన్నది. ఆ ఉద్దెర రాసేది నేనే, ఎందుకంటే ఆమె పద్ధతి గోడ మీద బొగ్గు గీతలు. సమ్మె ముగిశాక అందరూ తీర్చారు. ఒకాయన మాత్రం ఆలస్యం చేస్తే నేను అడగబోయాను. "నీ ఆఫీసుల రికవరీ పెట్టినట్టు పెట్టకు. ఇస్తడు తియ్" అన్నది. ఇచ్చాడు. ఆయన కూడా ఈ సభలో ఉన్నారు, నవ్వుతున్నారు.

గిర్నికి మంచి రోజులు ఎప్పుడూ ఒకటే తీరుగా లేవు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. పేదవాడి ఇంట్లో అన్నం ఉడికిందని అమ్మ సంతోషించింది. కాని జొన్నలు పట్టించేవారు నెల నెలకూ తగ్గిపోయారు. మేము చూస్తుండగానే కాప్రాలో జొన్న రొట్టె ముసలివాళ్ళ తిండి అయిపోయింది. గోధుమలు, మిరపకాయలు గిర్నిని నిలబెట్టాయి. 2000 సంవత్సరంలో కరెంటు చార్జీలు పెరిగినప్పుడు బిల్లు చూసి రెండు రోజులు మాట్లాడలేదు. ఆ వెంటనే గోధుమపిండి ప్యాకెట్లు అన్ని దుకాణాల్లోకీ వచ్చాయి. 2007లో కాప్రా మునిసిపాలిటీ గ్రేటర్ హైదరాబాదులో కలిసింది. స్థలాల ధరలు పెరిగి, గిర్ని తీసేసి షాపులు కట్టి కిరాయికి ఇమ్మని రోజుకొకరు వచ్చేవారు. బంధువులు కూడా, ఉద్యోగస్తుడి తల్లి పిండి కొట్టుకుంటూ కూర్చోవడమేమిటని నన్ను అనేవారు. అమ్మ ముందర అనే ధైర్యం ఎవరికీ లేదు.

ఆమెను లెక్కలోకి తీసుకున్నది ఒక్కసారే. 1988లో ఇలా భట్‌గారి అధ్యక్షతన ఒక జాతీయ కమిషను, స్వయం ఉపాధి మీద బ్రతికే స్త్రీల గురించి 'శ్రమశక్తి' అనే నివేదిక ఇచ్చింది. ఇంట్లోనూ దుకాణంలోనూ పొలంలోనూ చేసే ఆడవారి పని లెక్కలోకి రావడం లేదన్నది అందులో ముఖ్యమైన మాట. 1991 జనాభా లెక్కల్లో, కూలి లేకుండా పొలంలోనో కుటుంబ వ్యాపారంలోనో చేసిన పనిని కూడా పనిగానే చెప్పండని ప్రశ్నలోనే చేర్చారు. మా ఇంటికి వచ్చిన ఆయన బడి పంతులు. గిర్ని చప్పుడులో గట్టిగా అరచి, "అమ్మా, పోయిన ఏడాదిలో మీరు ఎప్పుడైనా ఏమైనా పని చేశారా?" అని అడిగాడు. అమ్మ మోటారు ఆపి, "సారూ, పని చెయ్యని రోజు ఏదని అడుగుండ్రి, చెప్త" అన్నది. ఆయన నవ్వి రాసుకున్నాడు.

నేను 2008లో రిటైరయ్యాను. సీనియర్ అసిస్టెంటుగానే. శాలువా కప్పారు, దండ వేశారు, ఆటోలో ఇంటికి వచ్చాను. మర్నాడు ఎప్పటివలెనే అమ్మ నాలుగు గంటలకు లేచి గిర్ని ఊడుస్తున్నది. అప్పటికి ఆమెకు డెబ్భై ఏడు దాటాయి. కొన్నాళ్ళకు నా మొదటి పింఛను వచ్చింది. ఎంత వచ్చిందని అడిగింది, చెప్పాను.

"నువ్వు పని బందుజేసినంక గూడ ఇస్తరా?"

"ఇస్తారమ్మా."

"ఎన్నేండ్లు?"

"బ్రతికి ఉన్నన్నాళ్ళు. ఆ తరువాత మీ కోడలికి."

కొంచెంసేపు ఆలోచించింది. "మంచిదే కొడుకా. సర్కారుకు తెలివున్నది" అని డబ్బా ఎత్తుకుని పోయింది. ఆ మాటలో అసూయ లేదు, ఫిర్యాదు లేదు. నేను మాత్రం ఆ రాత్రంతా పడుకోలేదు. ఇద్దరమూ పెద్దవాళ్ళమే. నేను పేపరు చదువుకుంటూ కూర్చుంటే నెల తిరిగేసరికి డబ్బు వస్తుంది. ఆమె స్విచ్చి వేస్తేనే వస్తుంది.

నలభై ఏళ్ళకు పైబడిన ఆ చప్పుడుకు ఆమె చెవులు పోయాయి. డాక్టరు చూసి, ఇది వయసు వల్ల వచ్చిన చెవుడు కాదు, గిర్ని వల్ల వచ్చినదన్నాడు. పిండి దుమ్ముకు చలికాలమంతా దగ్గు. 2011లో ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. ఉద్యోగి మీద, పింఛనుదారు మీద ఆధారపడిన తల్లిదండ్రులకు వైద్య ఖర్చులు తిరిగి వస్తాయని మనకు తెలుసు గదా. ఆమె లెక్క దానికి సరిపోతుందో లేదో కనుక్కుందామని ఫారం తెచ్చాను. అందులో ఏమున్నదని అడిగింది. నేను చదివి వినిపించాను. చెవిలో అరచి చదవాలి గనుక ఆ వార్డంతా విన్నది. 'ఆధారపడిన' అనే మాట దగ్గర ఆపింది.

"ఎవలు ఎవల మీద?"

"మీరు నా మీద అని."

"అబద్ధం మీద నేను ఏలు పెట్టను" అన్నది. అప్పటికి సంతకం నేర్చుకున్నది గానీ, ఒప్పుకోని కాగితం అంటే వేలిముద్ర మాటే అనేది. ఆసుపత్రి బిల్లు తన పాసుబుక్కులో నుంచి కట్టింది. మా ఆవిడ ఎంత బతిమాలినా వినలేదు. ఆ ఫారం ఖాళీగా ఇప్పటికీ నా బీరువాలో ఉన్నది.

2012లో గిర్ని ఆపింది. ఎవరో చెప్పినందుకు కాదు. ఒక రోజు పిండి వేళ్ళ మధ్య నలిపి చూసి, నాకు తెలుస్తలేదన్నది. వేళ్ళ కొసలు మొద్దుబారాయి. మెత్తదనం తెలియనప్పుడు పట్టకూడదని ఆ రోజే మోటారు తీయించింది. ఉద్దెర పుస్తకంలో అప్పటికి పదకొండు వేల పైచిలుకు రావలసి ఉన్నది. అందరి పేర్లూ చదవమన్నది, విన్నది, ఫలానావాడు పోయాడు, ఫలానామె ఊరు విడిచింది అని ఒక్కొక్కరి సంగతీ చెప్పింది. వసూలు చేయమని మాత్రం అనలేదు. 2019లో, ఎనభై ఎనిమిదేళ్ళ వయసులో, రెండు రోజుల జ్వరంతో పోయింది.

గిర్నిని కొన్నది కుషాయిగూడలో కర్రీ పాయింటు నడిపే ఒక అమ్మాయి. ఇప్పుడు అక్కడ జొన్నలు, రాగులు, కొర్రలు పడుతున్నారు. షుగరు వ్యాధి వచ్చాక మన అందరికీ జొన్న రొట్టె గుర్తుకొచ్చింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమని కూడా ప్రకటించింది. సాయంత్రం పూట ఈసీఐఎల్ దారిలో ఆడవాళ్ళు పొయ్యి పెట్టుకుని జొన్న రొట్టెలు చేసి అమ్ముతుంటే, కార్లు ఆపి కొనుక్కుపోతున్నారు. ఒక్కొక్కరు ఎన్ని గంటలు ఆ పొగలో కూర్చుంటారో మీరూ చూస్తున్నారు.

నేను చెప్పవలసిన అసలు సంగతి ఇక్కడున్నది. మన ఇళ్ళలోనే కోడళ్ళు, కూతుళ్ళు కుట్టుమిషను పెట్టుకున్నవారు, టిఫిను బండి నడిపేవారు, పచ్చళ్ళు అమ్మేవారు ఉన్నారు. మనకు పింఛను వస్తున్నది గదా అని వారి సంగతి ఎవరూ అడగడం లేదు. 2015లో అటల్ పెన్షన్ యోజన వచ్చింది. బ్యాంకులోనో పోస్టాఫీసులోనో ఖాతా ఉండి, 18 నుంచి 40 ఏళ్ళ లోపు వయసులో చేరితే, కట్టినదానినిబట్టి అరవై ఏళ్ళ తరువాత నెలకు వెయ్యి నుంచి అయిదు వేల దాకా వస్తుంది. ఆదాయపు పన్ను కట్టేవారిని 2022 అక్టోబరు నుంచి చేర్చుకోవడం లేదు. 2019లో శ్రమయోగి మాన్‌ధన్ అని ఇంకొకటి వచ్చింది. నెలకు పదిహేను వేల లోపు ఆదాయం ఉన్న అసంఘటిత రంగం వారికి అది. అదీ 18 నుంచి 40 ఏళ్ళ లోపే. పద్దెనిమిదేళ్ళకు చేరితే నెలకు 55 రూపాయలు, నలభై ఏళ్ళకు చేరితే 200. అంతే మొత్తం కేంద్రం కలుపుతుంది. అరవై దాటాక నెలకు మూడు వేలు. మూడు వేలు ఈ రోజుల్లో ఏ మూలకని మీరనవచ్చు. కరెంటు బిల్లుకూ మందులకూ వస్తుంది. పైగా ఎవరినీ అడగనక్కరలేదు.

రెండింటికీ నలభై ఏళ్ళే గడువు. మా అమ్మ కాలంలో ఇవేవీ లేవు. వచ్చేసరికి ఆమె ఎనభై దాటింది. మీ కోడలికి ముప్పై తొమ్మిది నడుస్తుంటే మాత్రం ఈ నెల దాటనివ్వకండి.

అటల్ పింఛను ఫారాలు యాభై తెచ్చి వెనక బల్ల మీద పెట్టాను. ఆధారు కార్డు, పాసుబుక్కు నకలు తెచ్చుకున్నవారు భోజనాలయ్యాక నా దగ్గరకు రండి, ఇక్కడే కూర్చుని నింపుదాము. తేనివారు రేపు పది గంటలకు సంఘం కార్యాలయానికి రావచ్చు, నేను అక్కడే ఉంటాను.